అసెంబ్లీ తయారీ ఖర్చు సాఫ్ట్‌వేర్‌లో లెక్కకట్టడం: ఒక కన్వేయర్ ఐడ్లర్ సెట్‌తో మొదటి నుంచి చివరి దాకా

మూడేళ్ల కిందట 40 ఐడ్లర్ సెట్లకి (కన్వేయర్ బెల్ట్‌ని కింద నుంచి మోసే రోలర్లు, వాటి ఫ్రేమ్) కొటేషన్ ఇచ్చాను. షీట్‌లో బేరింగ్ ఎదురుగా 2 అని ఉంది. ఒక రోలర్‌కి అది సరైన లెక్కే, కానీ సెట్‌కి రోలర్లు మూడు కాబట్టి బేరింగులు 6 కావాలి. ఎక్సెల్ మాత్రం నేను రాసిన 2 తీసుకుని కూడేసింది. సెట్‌కి 4 బేరింగులు తక్కువ, ఒక్కోటి 120 రూపాయలు, 40 సెట్లు, మొత్తం 19,200 రూపాయలు. ఆర్డర్ చేతికొచ్చి బేరింగులు కొనడానికి షాపుకి వెళ్ళిన రోజున గానీ అది బయటపడలేదు. రేటు ఒప్పుకున్నాక మళ్ళీ పెంచమని అడగలేం కదా, ఆ ఆర్డర్ అలాగే పూర్తిచేసి ఇచ్చాం.

విడి భాగానికి ఖర్చు కట్టడం మన దగ్గర చాలామందికి వచ్చు. బాలానగర్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ లేత్ మీద పదేళ్లు పనిచేసిన మనిషికి షాఫ్ట్ డ్రాయింగ్ చూపిస్తే నోటితోనే రేటు చెప్పేస్తాడు. చిక్కంతా పది, పదిహేను భాగాలు కలిసి ఒక వస్తువు, అంటే అసెంబ్లీ, అయినప్పుడే వస్తుంది. దేనికి ఎన్ని కావాలి, ఏది ఎంత లాట్‌లో (ఒకేసారి ఎన్ని) చేస్తాం, డ్రాయింగ్‌లో కనపడని ఖర్చులు ఏవి, ఈ మూడూ మనమే సరిగ్గా చెప్పాలి. చెప్పాక కూడికలు, గుణకారాలు సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఆ మూడింటినీ దానంతట అది కనిపెట్టలేదు.

ఉదాహరణకి 800 మి.మీ. వెడల్పు బెల్ట్‌కి వాడే మూడు రోలర్ల ఐడ్లర్ సెట్ తీసుకుందాం. సింగరేణిలో బొగ్గు మోసే బెల్టుల కింద, తాండూరు వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో, విశాఖ ఉక్కులో తిరిగేవి ఈ రకానివే. ఐడ్లర్లకి ఐఎస్ 8598, వాటి పైపులకి ఐఎస్ 9295 ప్రమాణాలు ఉన్నాయి. కింద నేను వేసిన రేట్లు లెక్క చూపించడానికి పెట్టుకున్నవి, అన్నీ జీఎస్టీ లేకుండా. మీరు మీకు ఇప్పుడు పడే రేటు వేసుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్

దీని మీద ఎక్కువ టైమ్ పెట్టకండి. సాలిడ్‌వర్క్స్ ప్రొఫెషనల్ గానీ ప్రీమియం గానీ ఉంటే అందులో కాస్టింగ్ అనే టూల్ కలిసే వస్తుంది (పోత పని కాదు, ఖర్చు లెక్క). పెద్ద ఆటోమొబైల్ కంపెనీలు ఎప్రయోరి లాంటివి వాడతాయి, చిన్న వర్క్‌షాపుకి వాటి అవసరం లేదు. డబ్బు పెట్టలేం అనుకుంటే ఫ్రీక్యాడ్, లిబ్రెఆఫీస్ క్యాల్క్ రెండూ ఉచితం, ఈ పనికి పూర్తిగా సరిపోతాయి. ఆర్డర్లు పెరిగి స్టాక్, కొనుగోళ్లు కూడా ఒకే చోట చూడాలంటే ఈఆర్పీనెక్స్ట్ ఉంది, అది మన దేశంలో తయారైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. నా సలహా అడిగితే, మొదటి రెండు మూడు అసెంబ్లీలు స్ప్రెడ్‌షీట్‌లోనే చేయండి. ప్రతి గడిలో ఏం జరుగుతుందో కళ్లారా చూస్తారు, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌కి మారినా అది చూపించే అంకెని ప్రశ్నించగలుగుతారు.

1. క్యాడ్ మోడల్‌ని ముందు శుభ్రం చేయండి

క్యాడ్ మోడల్ (కంప్యూటర్‌లో గీసిన బొమ్మ) నుంచి మనం తీసుకునేది ప్రధానంగా రెండు: ఏ భాగం ఎన్ని ఉంది, దాని బరువు ఎంత. రెండిట్లోనూ తప్పు దొర్లే చోట్లు ఉన్నాయి.

బరువు సంగతి ముందు. సాలిడ్‌వర్క్స్‌లో భాగానికి మెటీరియల్ ఇవ్వకపోతే అది నీటి సాంద్రత, అంటే ఘనపు మీటరుకి 1000 కేజీలు తీసుకుంటుంది. ఉక్కుది 7850. మన రోలర్ పైపు 3.43 కేజీలు ఉండాల్సింది 0.44 కేజీలే చూపిస్తుంది. ఒక్క భాగంలో ఇలా జరిగితే మొత్తం బరువులో కలిసిపోయి కంటికి ఆనదు, అందుకే ప్రతి భాగాన్నీ విడిగా చూడాలి. నేను ఎప్పుడూ చేతి లెక్కతో సరిచూసుకుంటాను. గుండ్రటి కడ్డీకి వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకి కేజీలు వస్తాయి. పైపుకైతే బయటి వ్యాసంలోంచి మందం తీసేసి, దాన్ని మందంతో, మళ్ళీ 0.02466తో గుణించాలి. మన పైపు 114.3 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. మందం: 110.3 × 4 × 0.02466 = మీటరుకి 10.88 కేజీలు. 315 మి.మీ. ముక్కకి 3.43. మోడల్ కూడా అదే చెప్తుంటే ముందుకి వెళ్ళొచ్చు.

ఏది ఎన్ని అన్న విషయంలో, వెల్డింగ్ చేసే ఫ్రేమ్‌ని కొందరు ఒకే పార్ట్‌గా గీసేస్తారు. అలా గీస్తే యాంగిల్, బ్రాకెట్లు, పాదాల ప్లేట్లు విడివిడిగా బీఓఎంలోకి (భాగాల జాబితాలోకి) రావు. ఖర్చు లెక్కకి వాడే మోడల్‌లో కోసే ప్రతి ముక్కా విడి భాగంగా కనపడాలి. దీనికి రివర్స్ కూడా ఉంది: కొనుక్కొచ్చే బేరింగ్ మోడల్‌లో లోపలి రింగు, బయటి రింగు, బాల్స్ అని విడిగా ఉంటే వాటన్నిటినీ కలిపి ఒకే కొనుగోలు వస్తువుగా చూపించాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ బాల్స్‌కి కూడా మెషినింగ్ ఖర్చు వేస్తుంది.

2. బీఓఎం మెట్లు మెట్లుగా తీయండి

సాలిడ్‌వర్క్స్ బీఓఎంలో మూడు రకాలు ఉంటాయి: టాప్ లెవెల్ ఓన్లీ, పార్ట్స్ ఓన్లీ, ఇండెంటెడ్. ఖర్చు లెక్కకి ఇండెంటెడ్, అంటే ఏది దేని కింద ఉందో చూపించేది, కావాలి. పార్ట్స్ ఓన్లీలో బేరింగులు 6 అని మొత్తం సరిగ్గానే వస్తుంది గానీ, రోలర్ అనే సబ్ అసెంబ్లీ మాయమైపోతుంది. రోలర్ బిగించే 8 నిమిషాలు, గ్రీజు, చెకింగ్ ఇవన్నీ ఎక్కడ రాయాలో తెలియక వదిలేస్తాం. ఫ్రీక్యాడ్ 1.0 నుంచి అసెంబ్లీ వర్క్‌బెంచ్ లోపలే వస్తోంది, అందులోనూ బీఓఎం తీసుకోవచ్చు.

మన సెట్ ఇలా ఉంటుంది:

ఐడ్లర్ సెట్
— రోలర్: 3
—— పైపు: 1
—— షాఫ్ట్, 20 మి.మీ. బ్రైట్ బార్: 1
—— హౌసింగ్, ప్రెస్ చేసిన రేకు: 2
—— బేరింగ్ 6204: 2
—— సీల్ సెట్: 2
—— సర్‌క్లిప్ (గాడిలో కూర్చుని బేరింగ్ కదలకుండా పట్టే రింగు): 2
— ఫ్రేమ్: 1
—— 65×65×6 యాంగిల్: 1
—— బ్రాకెట్లు, 50×8 ఫ్లాట్: 4
—— పాదం ప్లేట్లు: 2

దీన్ని షీట్‌లో పెట్టేటప్పుడు ప్రతి వరుసకీ నాలుగు గళ్లు తప్పకుండా పెట్టుకోండి: భాగం కోడ్, దాని పైనున్న అసెంబ్లీ కోడ్, ఆ పై అసెంబ్లీ ఒకదానికి ఎన్ని, ఆర్డర్ మొత్తానికి ఎన్ని. నాలుగో గడిలో చేత్తో అంకె రాయొద్దు. ఫార్ములా ఉండాలి: మూడో గడిలో అంకెని పై అసెంబ్లీ మొత్తం సంఖ్యతో గుణించాలి. పై అసెంబ్లీ సంఖ్యని ఎక్స్‌లుకప్ అనే ఫార్ములాతో వెతికించొచ్చు. లిబ్రెఆఫీస్‌లో ఇది 24.8 వెర్షన్ నుంచి ఉంది, పాతదైతే ఇండెక్స్, మ్యాచ్ కలిపి వాడండి. 20 సెట్ల ఆర్డర్ అని పైన ఒక్క గడిలో రాస్తే రోలర్లు 60, బేరింగులు 120, బ్రాకెట్లు 80 అని కిందకంతా దిగాలి. నేను మొదట్లో చెప్పిన 19,200 రూపాయలు పోయింది సరిగ్గా ఈ నాలుగో గడి లేకపోవడం వల్లే.

3. మెటీరియల్: నికర బరువు కాదు, కొనే బరువు

క్యాడ్ చెప్పేది తయారైన భాగం బరువు. మనం షాపులో డబ్బు కట్టేది పైపు మొత్తానికి. ఈ రెండిటి మధ్య తేడాని చాలామంది "వేస్టేజ్ 5 శాతం" అని కలిపేసి వదిలేస్తారు. అలా కాకుండా ప్రతి భాగానికీ నిజంగా ముక్కలు లెక్కపెట్టండి, రెండు నిమిషాల పని.

పైపు 315 మి.మీ. రెండు వైపులా ఫేసింగ్‌కి (చివర చదును చేయడానికి) 4, బ్యాండ్‌సా బ్లేడ్‌కి 3 కలిపితే 322. 6 మీటర్ల పైపులో 6000 ÷ 322, అంటే 18 ముక్కలు. చివర మిగిలిన 204 మి.మీ. ఈ పనికి పనికిరాదు. కాబట్టి ఒక్కో ముక్కకి పడేది 6000 ÷ 18 = 333.3 మి.మీ., బరువు 3.627 కేజీలు. కేజీ 85 రూపాయలు అనుకుంటే 308.30.

షాఫ్ట్ 370 మి.మీ., కోతకీ ఫేసింగ్‌కీ 5 కలిపితే 375. 6000ని 375తో భాగిస్తే సరిగ్గా 16 వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ బార్ చివర కొంచెం వంకరగా, నొక్కుకుపోయి వస్తుంది, అది కోసి పారేయాలి. అందుకని 15 అనే వేసుకోవాలి. ఒక్కోదానికి 400 మి.మీ., 0.988 కేజీ, కేజీ 75 లెక్కన 74.10. యాంగిల్ 1150 మి.మీ. ముక్కలు 6 మీటర్లలో 5 వస్తాయి, ఒక్కోదానికి 1.2 మీటర్లు, మీటరుకి 5.8 కేజీలు కాబట్టి 6.96 కేజీలు. కేజీ 65 అయితే 452.40.

ఇంకో చిన్న విషయం ఉంది. 60 రోలర్లకి పైపులు 3.33 కావాలి, అంటే నాలుగు కొనాలి. నాలుగో పైపులో నాలుగు మీటర్లకి పైనే మిగిలిపోతుంది. మీరు ఎప్పుడూ వాడే సైజు అయితే అది స్టాక్‌లోకి వెళ్తుంది, ఈ ఆర్డర్ మీద వేయక్కర్లేదు. ఈ ఒక్క పార్టీ కోసమే తెచ్చిన సైజు అయితే ఆ మిగిలిన పైపు ధర కూడా ఈ 60 రోలర్ల మీదే పడాలి. షీట్‌లో "స్టాక్ సైజు, అవును/కాదు" అని ఒక గడి పెట్టుకుంటే ఇది మర్చిపోరు.

స్క్రాప్ అమ్మితే వచ్చే డబ్బుని మెటీరియల్ రేటులోంచి ముందే తగ్గించకండి, విడి వరుసలో చూపించండి. నేనైతే దాన్ని లెక్కలోకి తీసుకోను, నెల చివర ఏదైనా వస్తే వచ్చినట్టే.

4. గంట రేటు కట్టడం

ఇక్కడ ఆగి నిదానంగా చేయాలి. సాలిడ్‌వర్క్స్ కాస్టింగ్ టెంప్లేట్‌తో వచ్చే రేట్లు నమూనాకి ఇచ్చినవి, అవి మన షాపువి కావు. టెంప్లేట్ ఎడిటర్ తెరిచి మెటీరియల్ ధర, మెషిన్ రేటు, లేబర్ రేటు మన అంకెలతో నింపే దాకా అది చూపించే ధరని ఎవరికీ చెప్పొద్దు. మరి మన అంకెలు ఎక్కడివి? ప్రతి మెషిన్‌కీ ఒకసారి కూర్చుని లెక్క కట్టాలి.

20 లక్షల సీఎన్‌సీ లేత్ అనుకుందాం. పదేళ్లలో అరుగుదల వేస్తే నెలకి 16,667. వడ్డీ సగటున 7,000. ఆపరేటర్‌కి పీఎఫ్, ఈఎస్ఐ కలిపి 22,000. మెయింటెనెన్స్ 3,000, షెడ్డు అద్దెలో దాని వాటా 3,000. మొత్తం నెలకి 51,667. ఇప్పుడు గంటలు: 25 రోజులు, రోజుకి 8 గంటలు, 200 గంటలు. కానీ మెషిన్ నిజంగా పని చేసేది అంతసేపు కాదు. పవర్ కట్, మెటీరియల్ రాకపోవడం, టూల్ అరగడం, ఇవన్నీ పోను 70 శాతం అనుకుంటే 140 గంటలు. 51,667 ÷ 140 = 369, కరెంటు గంటకి 4 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు, 32. అంటే గంటకి దాదాపు 400.

అదే 200 గంటలతో భాగిస్తే కరెంటుతో కలిపి 290 వస్తుంది. గంటకి 110 రూపాయలు తక్కువ చెప్తున్నాం, అదీ మనకి తెలియకుండానే. "మా రేటు ఎప్పుడూ తక్కువే, ఆర్డర్లు ఫుల్లే, డబ్బు మాత్రం మిగలట్లేదు" అని చాలామంది టెన్షన్ పడుతుంటారు, సగం మందిలో కారణం ఇక్కడే దొరుకుతుంది. 70 శాతం మీ షాపులో ఎంతో ఒక నెల డైరీ రాసి చూడండి. ఒక జాగ్రత్త: గంట రేటులో అద్దె వేశాక మళ్ళీ చివర ఓవర్‌హెడ్‌లో అద్దె వేయొద్దు. సెట్టింగ్ టైమ్‌కి (పని మొదలుపెట్టే ముందు మెషిన్ సిద్ధం చేసే టైమ్) విడిగా డబ్బు వసూలు చేస్తుంటే ఆ గంటలు కూడా వసూలయ్యే గంటలే, వాటిని ఖాళీ గంటల్లో కలపొద్దు.

5. పనులు, సైకిల్ టైమ్, సెట్టింగ్

పనుల కోసం షీట్‌లో వేరే ట్యాబ్ తీసుకోండి. ప్రతి పనికీ ఏ భాగం, ఏ మెషిన్, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు, సెట్టింగ్‌కి ఎన్ని నిమిషాలు, లాట్ ఎంత అని రాయాలి. ఒక రోలర్‌కి నేను వేసుకున్నవి ఇవి: పైపు కోత 2 నిమిషాలు, గంటకి 250. పైపు రెండు చివర్లూ ఫేసింగ్, బోరింగ్ 4 నిమిషాలు, గంటకి 400. షాఫ్ట్ కోత 1 నిమిషం, 250. షాఫ్ట్ టర్నింగ్, సర్‌క్లిప్ గాడి 5 నిమిషాలు, 400. షాఫ్ట్ చివర ఫ్లాట్లు మిల్లింగ్ 4 నిమిషాలు, 350. హౌసింగ్ వెల్డింగ్ 4 నిమిషాలు, 300. బేరింగ్ నొక్కడం, గ్రీజు, బిగింపు, తిప్పి చూడటం 8 నిమిషాలు, 200. అన్నీ కలిపి రోలర్‌కి 142.50.

సెట్టింగులు ఇదే వరుసలో 10, 45, 10, 60, 40, 30, 15 నిమిషాలు. వీటి మొత్తం ఖర్చు 1,217 రూపాయలు. ఇది ఎన్ని రోలర్ల మీద పంచుతాం అన్నదే అసలు ప్రశ్న. 60 రోలర్లకి పంచితే ఒక్కోదానికి 20.30. ఒక్క సెట్ శాంపిల్‌కి, అంటే 3 రోలర్లకి పంచితే ఒక్కోదానికి 405.60. అందుకే "20 సెట్లు తీసుకునేదుంది, ముందు ఒకటి అదే రేటుకి చేసివ్వండి" అన్నప్పుడు ఆ ఒక్కదాని అసలు ఖర్చు మనకి తెలిసుండాలి. ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత సంగతి.

అసెంబ్లీల్లో ఇక్కడ సాఫ్ట్‌వేర్‌తో జరిగే పొరపాటు ఒకటుంది. పార్ట్ ఫైల్‌లో లాట్ సైజు విడిగా, అసెంబ్లీలో విడిగా ఇస్తాం. అసెంబ్లీ 20 అని షాఫ్ట్‌కి కూడా 20 అని ఇచ్చేస్తే ఒక గంట షాఫ్ట్ సెట్టింగ్ 20 షాఫ్టుల మీద పడి ఒక్కోదానికి 20 రూపాయలు అవుతుంది, నిజానికి 60 మీద పడి 6.67 కావాలి. ధర ఎక్కువ చెప్పి ఆర్డర్ పోగొట్టుకుంటాం. పనుల ట్యాబ్‌లో లాట్ గడిని రెండో మెట్టులో చేసిన ఆర్డర్ మొత్తం గడితో లింక్ చేయండి, చేత్తో రాయొద్దు. రెండు అసెంబ్లీల్లో ఒకే షాఫ్ట్ ఉండి, రెండిటినీ ఒకేసారి చేసేట్టయితే లాట్ ఇంకా పెరుగుతుంది, అది మాత్రం మీరే చూసి మార్చాలి.

సాలిడ్‌వర్క్స్ కాస్టింగ్ వాడేవాళ్లకి ఇంకొకటి. మెషినింగ్ టెంప్లేట్‌లో స్టాక్ ఆకారం ఏం తీసుకుందో ప్రతి భాగానికీ చూడండి. మన రోలర్ పైపుకి స్టాక్ సిలిండర్ అని ఉంటే అది 114.3 మి.మీ. నిండు కడ్డీ తీసుకుని లోపలంతా తొలిచినట్టు లెక్క వేస్తుంది. 315 మి.మీ. నిండు కడ్డీ 25.4 కేజీలు, మన పైపు 3.43. మెటీరియల్ ధరే ఏడు రెట్లు అవుతుంది, దానిపైన బోరింగ్ టైమ్. ఇలాంటి భాగాలకి సాఫ్ట్‌వేర్ లెక్కని పక్కనపెట్టి ధరని మనమే ఇచ్చేయొచ్చు. బేరింగ్, సీల్, సర్‌క్లిప్ లాంటి కొనుగోలు వస్తువులకి కూడా అంతే, కొన్న ధర నేరుగా ఇవ్వాలి.

సైకిల్ టైమ్ విషయంలో మీ ఆపరేటర్ మాట సాఫ్ట్‌వేర్ మాట కంటే ఎక్కువ నమ్మండి. సాఫ్ట్‌వేర్ టూల్ కదిలే టైమ్ బాగా లెక్కేస్తుంది. ముక్క ఎత్తి చక్‌లో పెట్టడం, బిగించడం, కొలవడం, గాలి కొట్టడం వీటికి మీరు రాసినంతే తీసుకుంటుంది.

6. మోడల్‌లో కనపడనివి

పెయింట్, ప్రైమర్, గ్రీజు, వెల్డింగ్ వైరు, గ్యాస్, గ్రైండింగ్ వీల్, థిన్నర్, ప్యాకింగ్, లోడింగ్, బయట చేయించే జాబ్‌వర్క్, అక్కడికి తీసుకెళ్ళి తెచ్చే ఆటో ఖర్చు, పార్టీ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఒక రోజు ఆగిపోయే పని. ఇవేవీ క్యాడ్‌లో లేవు, కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ గుర్తుచేయదు. బీఓఎంలో వీటిని నకిలీ భాగాలుగా చేర్చడం నాకు బాగా పనిచేసింది. రోలర్ కింద "పెయింట్, వైరు, గ్రీజు: 1" అని ఒక వరుస, దాని ధర 35. ఫ్రేమ్ కింద అలాంటిదే ఒకటి, 70. సెట్ కింద "తుది బిగింపు, ప్యాకింగ్: 1", 60. భాగంగా ఉంది కాబట్టి రోలర్ 3తో గుణించినప్పుడు దాని పెయింట్ కూడా 3తో గుణించబడుతుంది. చివర ఎక్కడో "ఇతర ఖర్చులు 3 శాతం" అని రాస్తే ఇది జరగదు, పైగా పెయింట్ ఎంత పడిందో ఎప్పటికీ తెలియదు.

7. కింది నుంచి పైకి కూడటం

రోలర్‌లో పైపు 308.30, షాఫ్ట్ 74.10, హౌసింగులు 80, బేరింగులు 240, సీల్స్ 60, సర్‌క్లిప్పులు 6. మెటీరియల్ 768.40. పనులు 142.50, సెట్టింగ్ వాటా 20.30, పెయింట్ వగైరా 35. ఒక రోలర్ 966.20, మూడింటికి 2,898.60.

ఫ్రేమ్‌లో యాంగిల్ 452.40, బ్రాకెట్లకి 3 కేజీల ఫ్లాట్ 195, పాదం ప్లేట్లు 84.50. కోత, స్లాట్లు, వెల్డింగ్, క్లీనింగ్ 43 నిమిషాలు, గంటకి 300 చొప్పున 215. ఫిక్చర్ సెట్టింగ్ ఒక గంట, 20 ఫ్రేములకి పంచితే 15. పెయింట్, వైరు 70. మొత్తం 1,031.90.

రెండూ కలిపి, తుది బిగింపు 60 చేరిస్తే సెట్ 3,990.50. ఈఆర్పీనెక్స్ట్‌లో అయితే రోలర్‌కి ఒక బీఓఎం, ఫ్రేమ్‌కి ఒకటి చేసి, సెట్ బీఓఎంలో ఆ రెండిటినీ ఐటమ్స్‌గా పెట్టాలి. ప్రతి వర్క్‌స్టేషన్‌కీ గంట రేటు ఇచ్చి, పనులకి నిమిషాలు రాస్తే అదే కూడుతుంది. మెటీరియల్ రేటు చివరి కొనుగోలు ధర నుంచి తీసుకోవాలా, ప్రైస్ లిస్ట్ నుంచా అని అడుగుతుంది. కొటేషన్లకి ప్రైస్ లిస్ట్ మంచిది, ఎందుకంటే చివరి కొనుగోలు ఆరు నెలల కిందటిది అయ్యుండొచ్చు. బేరింగ్ ధర మారితే బీఓఎం అప్‌డేట్ టూల్ నడపండి, అది పైనున్న బీఓఎంలన్నిటినీ సవరిస్తుంది.

షీట్‌లో ఒక అడ్డ తనిఖీ పెట్టుకోండి. మెట్లు మెట్లుగా కూడిన సెట్ ధరని 20తో గుణించిన అంకె, భాగాల వరుసల ఆర్డర్ మొత్తాలనీ పనుల మొత్తాన్నీ నేరుగా కూడిన అంకె రెండూ ఒకటే కావాలి. పైసల తేడా రౌండింగ్ వల్ల వస్తుంది, వందల్లో తేడా వస్తే ఎక్కడో ఒక సంఖ్య కిందకి దిగలేదని అర్థం.

8. రిజెక్షన్, ఓవర్‌హెడ్, లాభం, జీఎస్టీ

రిజెక్షన్ (పాడైపోయే ముక్కలు) 2 శాతం వేస్తే 4,070.30. ఆఫీసు, అకౌంటెంట్, ఫోన్లు, తిరుగుళ్ళు ఇలాంటి ఓవర్‌హెడ్ 12 శాతం, 4,558.70. ఇక లాభం 10 శాతం దగ్గర రెండు అర్థాలు ఉన్నాయి, షీట్ తయారుచేసిన మనిషి, వాడే మనిషి వేరైతే గొడవ వస్తుంది. ఖర్చు మీద 10 శాతం అయితే ధర 5,014.60. అమ్మకం ధరలో 10 శాతం మిగలాలి అంటే 4,558.70ని 0.9తో భాగించాలి, 5,065.20. సెట్‌కి 50 రూపాయల పైన తేడా. ఏది వాడినా ఫర్వాలేదు, గడి పేరులోనే అది రాయండి.

జీఎస్టీ 18 శాతం చివర్లో ఒక్కసారే వేయాలి, 5,014.60 మీద 902.60. కొనేటప్పుడు కట్టిన జీఎస్టీకి మనకి క్రెడిట్ వస్తుంది కాబట్టి మెటీరియల్ రేట్లు జీఎస్టీ లేకుండానే ఉండాలి. కొందరు షాపువాళ్లు ఫోన్‌లో "అన్నీ కలిపి" రేటు చెప్తారు, అడిగి తేల్చుకోండి.

9. ఏది కదిపితే ఎంత కదులుతుందో చూడండి

లెక్క ఇంత శ్రమపడి కట్టాక దాన్ని ఒక్క కొటేషన్‌కి వాడి పక్కన పడేయొద్దు. రేట్ల ట్యాబ్‌లో ఉక్కు అన్ని రకాలకీ కేజీకి 5 రూపాయలు పెంచి చూడండి. మన సెట్‌కి కొనే ఉక్కు మొత్తం 25.1 కేజీలు, కాబట్టి తయారీ ఖర్చు 125 రూపాయలు పెరుగుతుంది. బేరింగ్ 10 రూపాయలు పెరిగితే 60. షాఫ్ట్ టర్నింగ్ 5 నిమిషాల నుంచి 4కి తగ్గించడానికి ఆపరేటర్‌ని తొందరపెడితే మిగిలేది సెట్‌కి 20 రూపాయలు. అంటే ఈ వస్తువులో గెలుపోటములు లేత్ దగ్గర కంటే పైపు కొనే దగ్గరే ఎక్కువ. కొటేషన్‌లో "ఈ ధర 15 రోజుల వరకే" అని రాయడం ఎందుకు ముఖ్యమో ఆ 125 చెప్తుంది.

పైపు కోత కూడా ఇలాగే ఆడించి చూడొచ్చు. మిల్లు నుంచి 6 మీటర్లు కాకుండా 6.45 మీటర్ల పొడవు పైపులు దొరికితే 20 ముక్కలు వస్తాయి, మిగిలేది 10 మి.మీ. మాత్రమే. పెద్ద ఆర్డర్ అయితే అడిగి చూడటంలో తప్పులేదు.

10. పని అయ్యాక అసలు అంకెలు రాయండి

ప్రతి పని వరుస పక్కన "అసలు నిమిషాలు" అని ఖాళీ గడి పెట్టి, పని నడుస్తున్నప్పుడే ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో కనీసం అయిదు ముక్కలకి కొలవండి. సూపర్‌వైజర్‌ని తర్వాత అడిగితే గుర్తున్నంత చెప్తాడు, అది చాలదు. కొలిచిన అంకెలు వచ్చాక పాత ఫైల్ మీదే మార్చకుండా తేదీ పేరుతో కొత్తది సేవ్ చేయండి, ఎందుకంటే ఆరు నెలల తర్వాత పార్టీ వచ్చి "అప్పుడు ఈ ధరకి ఎలా ఇచ్చారు" అంటే పాత రేట్లు చూపించాలి.

మా దగ్గర 20 సెట్ల తర్వాత కొలిస్తే హౌసింగ్ వెల్డింగ్ 4 నిమిషాలు కాదు, 6 పడుతోంది. పైపు తిప్పే చిన్న రొటేటర్ లేకపోవడం వల్ల వెల్డర్ ప్రతి చివరా రెండుసార్లు ఆగి పైపు చేత్తో తిప్పుకుంటున్నాడు. రోలర్‌కి 10 రూపాయలు, సెట్‌కి 30. రిజెక్షన్, ఓవర్‌హెడ్, లాభం అన్నీ దాని మీద నడిచాక ధరలో 37.70, 20 సెట్లకి 754 రూపాయలు. తర్వాతి కొటేషన్‌లో 6 నిమిషాలే వేశాం. రొటేటర్ ధర కనుక్కుని, ఎన్ని వందల రోలర్లు చేస్తే అది తిరిగొస్తుందో అదే షీట్‌లో ఇంకో వరుస కలిపాం.